పరుపు లోపలి తెల్లగుడ్డ

సంచిలో అన్నీ సర్దడం అయిపోయింది, ఒక్కటి తప్ప.

అడుగున వదిన మందులు, వాటి మీద తువ్వాళ్లు, ఆ పక్కన రెండు జతల బట్టలు, నమాజు గుడ్డ, సీసా పగలకుండా మేజోడులో దూర్చిన తలనొప్పి నూనె. చిన్ని సంచి సర్దుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పిల్ల. ఒక వస్తువు ఇంకో వస్తువుకి ఒరుసుకోకుండా పెట్టడం చేతికి అలవాటైపోయింది.

చివరికి ఆమె బీరువా కింది అరలోకి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"వదినా, ఇక్కడి గుడ్డ ఎవరైనా తీశారా?"

మంచం మీద కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకున్న కోడలు తల తిప్పింది. ఆమెకి ఏడో నెల. పాదాలు బూరెల్లా వాచాయి, రక్తపోటు దిగడం లేదు. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈ ఇల్లు పరుపుల దుకాణం మీది ఇల్లు. మెట్లు ఎక్కాలి, దిగాలి, పగలంతా దూది దుమ్ము. అందుకని కాన్పు అయ్యేదాకా ఆమెని పుట్టింట్లో ఉంచుదామనుకున్నారు. మధ్యాహ్నం వ్యాను వస్తుంది. దిగబెట్టి, కొన్నాళ్లు దగ్గరుండి రావడానికి ఆడబిడ్డ చిన్ని తోడు వెళ్తోంది.

"ఏ గుడ్డ చిన్నీ?"

"నాదే వదినా. కఫన్."

గుమ్మం దగ్గర నీళ్ల సీసా మూత బిగిస్తున్న చిన్ని తల్లి, బిగిసిన మూతనే మళ్లీ బిగించింది.

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. 'అది' అనేవారు. 'అది పెట్టిన అర', 'అది కొన్న రోజు'. శవానికి చుట్టే గుడ్డని పెళ్లికాని పిల్ల తన కోసం తనే కొనుక్కుని, గంజి పోయేదాకా ఉతికి, కొలత ప్రకారం ముక్కలు చేసి, మడతపెట్టి, కర్పూరం బిళ్లతో సహా ఆకుపచ్చ సంచిలో దాచుకుంటే దానికి ఇంకేం పేరు పెడతారు?

అంతకుముందు చిన్ని అలాంటి పిల్ల కాదు. వీధి చివరి నుంచే ఆమె నవ్వు వినిపించేది. నిరుడు కళ్లజోళ్ల దుకాణంలో పక్క చక్రం దగ్గర కూర్చునే పిల్ల, తన ఈడుదే, పొద్దున పని చేసి సాయంత్రానికి లేకుండా పోయింది. ఆఖరి స్నానం చేయించడానికి మసీదు వీధి ముసలమ్మలు వచ్చేదాకా ఆ పిల్ల అలాగే పడుకుని ఉంది. చుట్టూ నిలబడ్డ ఈడు పిల్లల్లో ఒక్కరికీ ఆ పని రాదు. చిన్ని ఆ రోజే వాళ్ల వెంట లోపలికి వెళ్లి నేర్చుకుంది. ఆ తర్వాత వదిలేసిన ఉపవాసాలు ఒక్కొక్కటే తీర్చుకోవడం మొదలుపెట్టింది. ఎప్పుడో అడిగి తెచ్చుకుని మర్చిపోయిన గిన్నెలూ గొడుగులూ ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది. చిన్నప్పుడు జుట్టు పీకిన నేస్తం ఇంటికి కూడా వెళ్లి మాఫ్ చెయ్యమని అడిగొచ్చింది. ఆ నేస్తానికి ఆ సంగతే గుర్తులేదట. ఇద్దరూ నవ్వుకున్నారట.

ఊరు దాటి ఎక్కడికి వెళ్లినా ఆ ఆకుపచ్చ సంచి ఆమె వెంట ఉండాల్సిందే.

"కిందపడిందేమో చూడు," అంది తల్లి. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

చిన్ని వంగి బీరువా కింద చూసింది. మంచం కింద చూసింది. కోడలు లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టింది. తల్లి కూడా వెతికింది. దిండ్లు ఎత్తి చూసింది, తలుపు వెనక చూసింది, లేదని తెలిసిన చోటల్లా శ్రద్ధగా చూసింది.

ఎందుకంటే తీసింది ఆమే.

కిందటి వారం సంబంధం వాళ్లు వస్తున్నారని కబురొచ్చిన పూట తీసింది. వచ్చే ఆడవాళ్లు ఊరుకోరు, పిల్ల గది చూస్తామంటారు, బీరువా తలుపు తెరిచే ఉంటుంది, ఎవరో ఒకరు ఆ సంచి పట్టుకుని ఇదేంటమ్మా అంటారు. ఇంట్లో దాచడానికి చోటు కనపడలేదు. గుడ్డని సంచిలోంచి తీసి, కర్పూరంతో సహా సంచి మడిచి బియ్యం డబ్బా వెనక దోపి, కిందికి దిగి, దుకాణంలో తెల్లగుడ్డల దొంతర అడుగున పెట్టేసింది. పరుపుల దుకాణంలో తెల్లగుడ్డని ఎవరు పట్టించుకుంటారు? వాళ్లు వెళ్లిపోగానే మళ్లీ యథాస్థానంలో పెట్టేద్దామనుకుంది.

వాళ్లు వచ్చారు, టీ తాగారు, గది చూడనే లేదు. తర్వాత ఎవరితోనో, మాకు నవ్వుతూ తిరిగే పిల్ల కావాలి అని చెప్పి పంపారు. సంగతి వాళ్లకి ముందే తెలుసు. బజారంతా తెలుసు. దాచిన గుడ్డ దాచినట్టే ఉండగా పరువు మాత్రం పోయింది. ఆ అవమానంలో ఆమె దొంతర సంగతే మర్చిపోయింది.

ఈ పొద్దున చిన్ని ప్రయాణానికి సంచి తీయడం చూసి గుర్తొచ్చింది. గబగబా దిగి వెళ్లింది. దొంతర అడుగున చెయ్యి పెట్టింది. లేదు.

కొడుకు అక్కడే కూర్చుని కొత్త పరుపు అంచులు కుడుతున్నాడు. భార్య పుట్టింటికి పట్టుకెళ్లడానికి తన చేత్తో చేస్తున్న పరుపు. దూది రెండుసార్లు ఏకాడు. అక్కడ ఆమె నెలల తరబడి పడుకునే ఉండాలి మరి.

ఇక్కడి గుడ్డ ఏదిరా అంటే, వంచిన తల ఎత్తకుండానే అన్నాడతను. దూది బయటికి రాకుండా లోపలి సంచికి మామూలుగా కొత్త గుడ్డ వేస్తాం, అది గరగరలాడుతుంది, దొంతర అడుగున ఉతికి మెత్తబరిచిన గుడ్డ కనిపించింది, ముక్కలు కలిపి అదే వేశాను అని.

"నీ కోడలి కోసం నువ్వే ఉతికి పెట్టుంటావనుకున్నానమ్మా. భలే సంతోషం వేసింది."

ఆమె కాదనలేదు. కాదంటే ఆ గుడ్డ ఏమిటో చెప్పాలి, అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. కొడుకు కళ్లలో అంత మెప్పు ఆమె చూసి చాలా కాలమైంది. మెట్లెక్కి పైకి వచ్చేసింది. వచ్చి నీళ్ల సీసా మూత బిగిస్తూ నిలబడింది.

వెతుకులాట చప్పుడుకి అతను కూడా పైకి వచ్చాడు. కనుబొమ్మల నిండా, మీసాల నిండా దూది.

"తాతగారొచ్చారు," అంది కోడలు. రోజూ వేసే హాస్యమే. రోజూ నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు.

ఏం పోయిందని అడిగాడు. చిన్ని చెప్పింది. ఆకుపచ్చ సంచి, లోపల కర్పూరం అంది. అతనికి ఏ అనుమానమూ రాలేదు. బీరువాలో సంచిలో ఉండే గుడ్డ వేరు, దుకాణంలో దొంతరలో ఉండే గుడ్డ వేరు. పైగా ఆ గుడ్డ అమ్మ ఉతికిందని తనకి తెలుసు కదా.

"పీడ వదిలింది," అన్నాడు. "తీసినవాళ్లెవరో గాని దండం పెట్టాలి."

"అన్నయ్యా, అది నా వస్తువు."

"నీ వస్తువు వల్లే కదే వచ్చిన సంబంధం వచ్చినట్టే పోయింది. మొన్న షాపులో వాడెవడో, మీ చెల్లెలికి పెళ్లి బట్టలు తీసుకున్నారా, లేక ఉన్న తెల్లబట్టలే చాలా అని అడిగాడు నన్ను. పదిమంది నవ్వారు. నేనూ నవ్వాను. ఏడవలేక నవ్వాను."

చిన్ని ముఖం ఎర్రబడింది. తన వల్ల అన్న తలదించుకున్నాడని ఆమెకి ఇప్పుడే తెలిసింది. వాళ్లు నవ్వినందుకు నన్ను మాఫ్ చెయ్యి అని మెల్లిగా అంది. అది అతన్ని ఇంకా మండించింది.

"ఇదిగో, ఈ మాటే వద్దన్నాను. పొద్దున లేస్తే మాఫ్ చెయ్యండి, మాఫ్ చెయ్యండి. రేపో మాపో పోయేదానిలా. ఇరవై మూడేళ్లు లేవు నీకు."

"నా పక్కన కూర్చున్న దానికీ లేవు అన్నయ్యా."

కింద దూది యంత్రం ఒట్టిదే తిరుగుతోంది, ఆపకుండా వచ్చాడు కాబోలు.

అన్న గొంతు తగ్గించే చెప్పాడు. ఒట్టి మనిషిని పంపడం లేదు, నిండు మనిషిని పంపుతున్నాం, ఆవిడ మందుల పక్కన ఆ గుడ్డ పెట్టుకుని ప్రయాణం చేస్తావా, నీకు బుద్ధుందా అని. చిన్ని తడబడింది. నిజమే, తనకి అంత దూరం తోచలేదు, వేరే సంచిలో పెట్టుకుంటాను అంది. వదిన వైపు చూసి, నువ్వు భయపడతావని అనుకోలేదు వదినా అంది.

అక్కడ అతనికి ఏదో స్ఫురించింది. భార్య వైపు తిరిగాడు.

"నువ్వేనా తీసింది? దాన్ని చూస్తే భయమేస్తుంది, గది మార్చండి అని నా ప్రాణం తీశావుగా."

"భయమన్నాను. తీస్తానన్నానా?"

"మరెవరు తీస్తారు? ఈ గదిలో పగలంతా ఉండేది నువ్వు. అమ్మ తీస్తుందా?"

తల్లి ఒక అడుగు ముందుకి వేసింది. ఇప్పుడు. ఇదే అదను. అవునురా నేనే అంటే అయిపోతుంది. కొడుకు నాలుగు మాటలంటాడు, కూతురు నాలుగు రోజులు ముఖం తిప్పుకుంటుంది. పరుపు విప్పి గుడ్డ తీసి వేరే గుడ్డ వేస్తారు. వ్యానువాడు కాసేపు హారన్ కొడతాడు. అంతకన్నా ఏమవుతుంది?

ఆమె సీసా వైపు చూసింది.

అతను మళ్లీ అడిగాడు, ఈసారి గట్టిగా. చెప్పవేం అన్నాడు. ఆడబిడ్డ వస్తువు తీసి దాస్తే ఏమొస్తుందనుకున్నావు అన్నాడు. కోడలు రెండు చేతులతో నుదురు నొక్కుకుంది. కంగారు పెట్టొద్దని, తల బరువెక్కితే వెంటనే చెప్పమని డాక్టరమ్మ అందరికీ కలిపి చెప్పింది. చిన్ని అన్న చెయ్యి పట్టుకుని, వదిలెయ్యి, దొరక్కపోతే పోయింది, వదిననేమీ అనకు అని వెనక్కి లాగుతోంది.

కోడలు కళ్లు మూసుకుంది. తెరిచింది. అత్త వైపు ఒక్కసారి, రెప్పపాటు, చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నేనే తీశానండీ. కిటికీలోంచి చెత్తబండిలో పడేశాను. ఇంక అరవకండి, తల తిరుగుతోంది."

అతను ఇంకేదో అనబోయి మానేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మీసం మీది దూది పీకేసుకుంటూ కిందికి వెళ్లిపోయాడు. కాసేపటికి యంత్రం ఆగింది.

చిన్ని మంచం అంచున కూర్చుంది. చాలాసేపు వదిన వాచిన పాదం మీద చెయ్యి వేసి ఉంది. చివరికి ఆమె అన్న మాటలు తల్లి జీవితాంతం మర్చిపోలేదు.

"దేవుడి పట్ల తప్పు చేస్తే ఆయన్నే అడుక్కోవచ్చు వదినా, ఆయన మాఫ్ చేస్తాడు. మనిషి పట్ల చేస్తే ఆ మనిషే వదిలెయ్యాలి. నేను వదిలేశాను. రేపు లెక్క అడిగే రోజున దీని గురించి నిన్ను ఎవరూ నిలబెట్టి అడగరు."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంత పెద్ద మాటలెందుకు చిన్నీ. ఇంకోటి కొనుక్కుందువుగాని."

"గుడ్డకేం, ఎక్కడైనా దొరుకుతుంది. అది కనపడిన రోజు నాకు ఎవరితోనూ గొడవ పెట్టుకోబుద్ధి అయ్యేది కాదు. అంతే దాని సంగతి."

ఆ మాట చెప్పి కాస్త నవ్వింది. "ఇవాళ లేదు కదా. చూడు, అందరం ఎలా కొట్టుకున్నామో."

తల్లి ఇంక అక్కడ నిలవలేకపోయింది. తన చేతిలోని నీళ్ల సీసా బల్ల మీద పెట్టి, ఎందుకో చెప్పకుండా మెట్లు దిగింది.

దుకాణంలో ఎవరూ లేరు. కొడుకు వెనక కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. పరుపు పూర్తయింది. నీలం చారల గుడ్డ, అంచు తిన్నగా, మధ్యమధ్య దారం ముడులు. ఇంకా చుట్టలేదు. బల్ల మీద పరిచి ఉంది, ఎవరో ఇప్పుడే వచ్చి పడుకుంటారన్నట్టు.

ఆమె కత్తెర తీసుకుంది. మూల దగ్గర రెండు కుట్లు తెంపింది. వేలు దూర్చి చూసింది. లోపలి తెల్లటి మెత్తని గుడ్డ వేలికి తగిలింది. దగ్గరికి వంగితే కర్పూరం వాసన, చాలా కొంచెం.

ఆమెకి తెలుసు, గుడ్డలో ఏమీ లేదు. గుడ్డ గుడ్డే. మూడ్నాలుగు నెలల క్రితం చిన్ని చెప్పింది కూడా, చావు రాసిపెట్టినవాడు రాసిపెట్టాడమ్మా, దీన్ని చూసి తొందరగా రాదు, దీన్ని దాస్తే ఆలస్యంగా రాదు అని. అప్పుడు సరేనంది. ఇప్పుడు నిండు చూలాలు ఈ గుడ్డ మీద వీపు ఆన్చి పడుకుంటుందని తలుచుకుంటే చెయ్యి ఆగలేదు. ఇంకో రెండు కుట్లు తెంపింది. మొత్తం అంచు తెంపాలి, దూదంతా బయటికి తీయాలి, ముక్కలు విడదీయాలి. ఎవరికీ చెప్పకుండా అయ్యే పని కాదు.

"ఏం చేస్తున్నావమ్మా?"

తడి ముఖంతో కొడుకు నిలబడి ఉన్నాడు.

ఆమె కత్తెర కొంగులో దాచింది. ఏమని చెప్పాలి? నోరు తెరిచింది. తన నోట్లోంచి వచ్చింది తనే విన్నది.

"ఇక్కడ కుట్టు ఊడింది నాయనా. వ్యాను మీద ఎత్తేటప్పుడు విచ్చుకుంటుందేమో. గట్టిగా వెయ్యి."

అతను వంగి చూశాడు. నా కుట్టు ఊడడమేమిటని ఆశ్చర్యపోయాడు. తలలో ఏదో పెట్టుకుని కుట్టి ఉంటానన్నాడు. దబ్బనంలో దారం జంటగా ఎక్కించి, ఆ మూల ఒకసారి, మళ్లీ దాని మీదే ఇంకోసారి కుట్టాడు. కుడుతూ కుడుతూ, పాపం దాని మీద అందరి ముందూ అరిచేశానమ్మా అన్నాడు. భయపడి తీసి ఉంటుంది, పిచ్చిది, నేను అంత మాటనకుండా ఉండాల్సింది, వెళ్లేలోపు ఒక మంచి మాట చెప్పాలి అన్నాడు.

"చెప్పు," అంది తల్లి. "చెప్పకుండా పంపకు."

తను పాటించలేని ఆ సలహా ఇచ్చిన నోటిని ఆమె తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో.

ఇద్దరూ కలిసి పరుపు చుట్టారు. అతను తాడు కట్టాడు. ఆమె ముడి మీద వేలు పెట్టి పట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్ని నమాజుకి నిలబడింది. కొడుకు పరుపు ఎత్తుకుని వీధి గుమ్మంలో పెట్టడానికి వెళ్లాడు. కోడలికి తల దువ్వడానికి అత్త కూర్చుంది. ఇద్దరే ఉన్నారు. జుట్టు పలచబడింది, చిక్కు పడింది. ఆమె నెమ్మదిగా, నొప్పి పెట్టకుండా చిక్కు తీస్తోంది.

"అత్తయ్యా," అంది కోడలు, వెనక్కి తిరగకుండా. "మీరు తీసుకెళ్తుంటే చూశాను. సంబంధం వాళ్లొచ్చిన రోజు."

దువ్వెన ఆగింది.

"ఏం పర్లేదు. ఆయన ముందు మీరు చెప్పలేరని తెలుసు. నా మీదైతే కోపం నాలుగు రోజుల్లో మర్చిపోతారు. కానీ చిన్నికి మీరే మెల్లిగా చెప్పండి అత్తయ్యా. నేను చెయ్యని దానికి ఆ పిల్ల నన్ను మాఫ్ చేసింది. నాకు అదోలా ఉంది, దొంగసొమ్ము తీసుకున్నట్టు."

ఎంత మెత్తగా చెప్పింది. ఎంత చోటు ఇచ్చింది. తలుపు బార్లా తెరిచి పక్కకి నిలబడినట్టు నిలబడింది. ఔనమ్మా అంటే చాలు. ఔనమ్మా, నేనే, అంతే కాదు, అది ఇప్పుడు ఎక్కడుందో తెలుసా అంటే చాలు.

ఔనంటే ఆ రెండో మాట కూడా చెప్పాలి. అందుకే మొదటి మాట కూడా రాలేదు.

"నేనేం తీశానే?" అంది అత్త. "దుకాణంలోకి దిండు గలీబు గుడ్డ పట్టుకెళ్లుంటాను. ఏం చూసి ఏమనుకున్నావో. కళ్లు కూడా వాచినట్టున్నాయి నీకు."

కోడలి మెడ వెనక వెంట్రుకలు గాలికి కదిలాయి.

"సరే అత్తయ్యా," అంది చివరికి. "నేనే పొరబడుంటాను."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే పట్టుకుని వేలాడడానికి ఏదో ఒకటి దొరికేది. అత్త జడ అల్లింది. వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ అల్లింది. రెండోసారీ వంకరగానే వచ్చింది, అలాగే వదిలేసింది.

వ్యానువాణ్ని ఆ వీధిలో అందరూ హారన్ అనే పిలుస్తారు. కుక్క అడ్డొచ్చినా, ఎవరూ అడ్డు రాకపోయినా కొడతాడు. ఆ రోజూ వీధి మలుపు నుంచే మొదలుపెట్టాడు. కోడల్ని కొడుకు చేతుల మీద మెట్లు దింపాడు. ఆఖరి మెట్టు మీద ఆగి ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె అతని కనుబొమ్మ మీది దూది తుడిచి, వెళ్లొస్తాను తాతగారూ అంది. అతను నవ్వేశాడు. ఆ నవ్వు చూసి తల్లికి కొంచెం ఊపిరి ఆడింది. వాళ్లిద్దరూ రాజీపడ్డారు కదా, ఇంకేముంది అనుకుంది. సిగ్గులేని మనసు అంత చిన్న సందు దొరికినా దూరిపోతుంది.

చుట్టిన పరుపుని వ్యాను మీదికి ఎత్తారు. హారన్ తాడు బిగిస్తూ, ఇంత మెత్తటి పరుపు మా ఆవిడకి ఎప్పుడు చేసిస్తావన్నా అని అడిగాడు. ఈ గుడ్డ మళ్లీ దొరకదురా, మా అమ్మ స్పెషల్‌గా ఉతికి పెట్టింది అన్నాడు కొడుకు.

చిన్ని విన్నది. తల తిప్పి తల్లి వైపు చూసింది. ఉతికిన గుడ్డ. ఆ చూపులో ఏముందో తల్లి చూడలేదు. చూడకుండా ఉండడానికి వంగి, సంచి జిప్ లాగింది. నీళ్ల సీసా ఉందా, మందులు పైన పెట్టావా, దారిలో వాంతి అయితే కవర్ ఉందా అని గుక్కతిప్పుకోకుండా అడిగింది.

"అన్నీ ఉన్నాయమ్మా," అంది చిన్ని. కాసేపు ఆగింది. "నా వల్ల నీకు కష్టం కలిగితే మాఫ్ చెయ్యి."

"చేశాను. ఎక్కు."

పిల్ల ఎక్కలేదు. అలాగే నిలబడింది. ఈ మాట అడిగినవాళ్లని అవతలివాళ్లు కూడా తిరిగి అడగడం ఆ ఇంట్లో చిన్ని తెచ్చిన అలవాటే. ఇద్దరూ అడిగితే ఇద్దరూ తేలికపడతారనేది. అన్న వెటకారంగానైనా అడిగేవాడు. వదిన నవ్వుతూ అడిగేది. తల్లి అడుగుతుందేమోనని ఆ పిల్ల ఎదురుచూసింది. హారన్ హారన్ కొట్టాడు.

తల్లి అడగలేదు. చిన్ని ఎక్కి కూర్చుంది.

కిటికీ పక్కన ఒరిగి కూర్చున్న కోడలు చెయ్యి బయటికి చాపింది. వాచిన వేళ్లు, ఉంగరం తీసేసిన చోట తెల్లటి గాడి. అత్త ఆ చెయ్యి పట్టుకుంది.

"చిన్ని నాకూ అంటించింది అత్తయ్యా. మీ పట్ల నేనేమైనా తప్పు చేసుంటే మాఫ్ చెయ్యండి."

"పిచ్చిమాటలు మానేయ్. వచ్చాక తీరిగ్గా చెప్పుకుందాం. నేనూ నీతో ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పండి."

"వచ్చాక."

వ్యాను కదిలింది. చెయ్యి దానంతట అదే జారిపోయింది. నీలం చారల పరుపు చుట్ట వ్యాను మీద అటూ ఇటూ ఊగుతూ వీధి మలుపు దాకా కనిపించింది. ఆ తర్వాత హారన్ మాత్రం చాలాసేపు వినిపించింది.

ఆమె ఆ మాట దాచుకునే ఉంది. అన్నం వడ్డిస్తూ ఎలా మొదలుపెట్టాలో అనుకునేది, దిండులో దూది కూరుతూ ఎలా ముగించాలో అనుకునేది. ఫోన్‌లో చెప్పేది కాదు, ముఖాముఖి చెప్పాలి అనుకునేది. ఒకసారి ఫోన్‌లో కోడలే, పరుపు చాలా హాయిగా ఉంది అత్తయ్యా, మీరు ఉతికిన గుడ్డట కదా అంది. ఆమె ఊఁ అంది.

చిన్ని ముందుగా తిరిగొచ్చింది, సంచి భుజాన వేసుకుని. తర్వాత పాప వచ్చింది, మళ్లీ వెళ్లిన చిన్ని ఒడిలో. వ్యాను మీద తాళ్లతో కట్టుకుని పరుపు కూడా వచ్చింది.

కోడలు రాలేదు. చలి మొదలైన నెలలో, ఒక బుధవారం, మధ్యాహ్నం నమాజుకి కాస్త ముందు, పాపని కన్న మంచం మీదే పోయింది.